మూడో చంద్రుడి చెయ్యి

ఆదివారం పొద్దున ఫ్రిజ్ మెకానిక్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రిలో మొరాయించిన ఫ్రిజ్‌ని బాగుచేసి రావడం, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, మధ్యాహ్నం ఆటకి థియేటరుకు వెళ్ళి వెనక గోడకి ఆనుకుని నిలబడటం, జనం చప్పట్లు కొడుతుంటే ఏమీ ఎరగనట్టు వినడం. అంతకు మించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఎందుకంటే ఆ మధ్యాహ్నం తెరమీదికి రాబోయేది ఆయన తీసిన సినిమా.

ఫ్రిజ్‌లు ఆయనకి తిండి పెడతాయి, సినిమాలు ఆయన చేత తిండి మాన్పిస్తాయి. చాలా ఏళ్ళ క్రితం ‘మూడో చంద్రుడు’ అని ఒక అంతరిక్ష చిత్రం తీశాడు. పాత ఫ్రిజ్ తలుపులు కలిపి అంతరిక్ష నౌక కట్టాడు. హీరో ఆయన బావమరిది. గ్రహాంతరవాసి కూడా బావమరిదే. చేతులకి అంట్లు తోమే రబ్బరు తొడుగులు ఉంటే గ్రహాంతరవాసి, లేకపోతే హీరో. ఇద్దరూ కలబడి కొట్టుకునే ఘట్టం ఒకటుంది గానీ, అందులో ఎవరు గెలిచారో తీసినవాడికే తెలియదు. మొదటి ఆటకి వచ్చింది భార్య, బావమరిది, వానకి తలదాచుకోవడానికి దూరిన ఒక పెద్దమనిషి. వాన తగ్గగానే ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాడు.

మరొకడైతే అక్కడితో దణ్ణం పెట్టి ఊరుకునేవాడు. మన మెకానిక్ రెండో భాగం మొదలుపెట్టాడు. అంతరిక్ష నౌక అప్పటినుంచీ ఇంట్లో ముందు గదిలోనే ఉంది. గదంతా అదే అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. ఆయన భార్య దర్జీపని చేస్తుంది. నౌక వచ్చిన రోజున ఆవిడ కుట్టుమిషను వరండాలోకి వెళ్ళింది, మళ్ళీ లోపలికి రాలేదు. ఎండొస్తే ఆవిడ మిషనుతో సహా అటు జరుగుతుంది, జల్లొస్తే ఇటు జరుగుతుంది. నోరు మాత్రం ఎప్పుడూ జారలేదు.

ఆ మౌనమే మెకానిక్‌కి ముల్లులా ఉండేది. రెండో భాగం పూర్తయిన రోజున ఉద్వేగం ఆపుకోలేక, "ఇది కూడా జనానికి నచ్చకపోతే నౌకని నా చేత్తోనే విప్పేస్తా. కెమెరా మళ్ళీ ముట్టుకోను. ఒట్టు!" అన్నాడు. "అయ్యో, అదేంటండీ" అంటుందని ఎదురుచూశాడు. ఆవిడ దారం కొరుక్కుంటూ "సరే" అంది. ఆ ‘సరే’ మరీ తొందరగా వచ్చిందని ఆయన అనుమానం. నాలుగు రాత్రులు దాన్నే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

నిజానికి ఈ రెండో భాగం మీద ఆయనకి కొండంత నమ్మకం. ఒక్క తప్పు దొర్లనివ్వలేదు. నౌక కదలకుండా నేలకి బిగించాడు. అంతరిక్షంలో కనబడకుండా గోడ గడియారం తీయించాడు. గ్రహాంతరవాసికి వేరే మనిషిని పెట్టాడు. అన్నీ అమర్చాక ఇంక మిగిలింది చప్పట్లే. ఇంతలో ముందురోజు సాయంత్రం బావమరిది పరిగెత్తుకొచ్చి "బావా! టిక్కెట్లన్నీ అయిపోయాయి!" అన్నాడు. బావమరిది డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు, అందుకని మంచివార్త కూడా బ్రేకు తొక్కమన్నట్టే చెబుతాడు.

"ఎవరు కొన్నారు?" అన్నాడు మెకానిక్.

"జనం, బావా."

"ఏ జనం?"

"ఏ జనమేంటి బావా, జనం! మొదటి భాగాన్ని నేను ఇంటర్నెట్‌లో పెట్టాను కదా. చూస్తున్నారు."

మెకానిక్ ఫోనులో సినిమా చూసే రకం కాదు. సినిమా అంటే తెర ఉండాలి, చీకటి ఉండాలి అంటాడు. అందుకని ఆ జనం ఎవరో ఆయనకి తెలియదు. తెలియని జనం డబ్బు పెట్టి తన సినిమాకి వస్తున్నారంటే ఏదో మతలబు ఉందని మాత్రం మనసులో పడిపోయింది.

పొద్దున్నే ఆయన నౌకలో కూర్చుని బూట్లు తొడుక్కుంటుంటే మందుల షాపు అమ్మాయి పాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చింది. నౌక కిటికీలోంచి వరండా అంతా కనిపిస్తుంది, వరండాలోంచి చూసేవాళ్ళకి మాత్రం నౌక పాత ఫ్రిజ్ తలుపుల గుట్టే. ఆ అమ్మాయి నడిమి వేలికి తళతళలాడే వెండికాగితం చుట్టుకుని ఉంది. మెకానిక్ భార్య నడిమి వేలికి ఎప్పటిలాగే ఇత్తడి తొడుగు ఉంది, సూది గుచ్చుకోకుండా కుట్టేవాళ్ళు పెట్టుకునేది. ఆ వేలు చూడగానే ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

"అమ్మో! మీరు కూడానా అక్కా?" అని తన చెయ్యి నిటారుగా పైకెత్తింది.

భార్యకి ఏమీ అర్థం కాలేదు. కానీ వచ్చినవాళ్ళ మనసు నొప్పించడం ఆవిడకి చేతకాదు. ఆవిడ కూడా నవ్వుతూ, పట్టుకున్న పాంటుతో సహా చెయ్యి ఎత్తింది.

నౌక లోపలి నుంచి మెకానిక్ ఇదంతా చూశాడు. ఇదేదో గుర్తు! సంకేతం! తన ఇంట్లో, తన వరండాలో, తన కళ్ళముందే! ఆ అమ్మాయి వీధిలోకి దిగగానే ఆయన బూటు లేసు కట్టకుండానే బయటికొచ్చి "ఏంటది?" అన్నాడు.

"పాంటు" అంది భార్య.

"పాంటు కాదు. ఆ చేతులెత్తడం ఏంటి?"

"ఏమో! ఆ పిల్ల ఎత్తింది, నేనూ ఎత్తాను. మీరు త్వరగా వెళ్ళి రండి, నాకు చాలా పని ఉంది. మధ్యాహ్నం కూడా మీరు ముందు వెళ్ళండి, నేను వెనక వస్తాను."

వెనక వస్తుందట! ఎందుకు? మెకానిక్ పెట్టె పట్టుకుని ఆలోచిస్తూ నడిచాడు. వీధి మలుపులో టీకొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు, ఇద్దరి వేళ్ళకీ వెండికాగితాలు. "రెండో భాగం కాబట్టి దానికి ‘నాలుగో చంద్రుడు’ అని పేరు పెట్టాలిగా?" అని ఒకడంటుంటే, "మూడో వాడే కనబడలేదు, నాలుగో వాణ్ణి ఎక్కణ్ణించి తెస్తాడు?" అని రెండోవాడు పడీపడీ నవ్వుతున్నాడు. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ బండ్లు ఆపడానికి చెయ్యెత్తాడు. ఆయన వేలికీ వెండికాగితమే. పోలీసులు కూడా కలిశారన్నమాట! మెకానిక్ తల వంచుకుని అడుగు వేగం పెంచాడు.

పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రికి ఆదివారం సెలవు. తలుపు తీసిన డాక్టరు గారు మెకానిక్‌ని నేరుగా వెనక గదిలో ఫ్రిజ్ దగ్గరికి పంపించి, తను ముందు గదిలోకి వెళ్ళిపోయారు. పేరుకి పెద్ద డాక్టరు, నోట్లో వేలు పెట్టి ఊరందరినీ భయపెట్టిన మనిషి. అలాంటాయన ఆ పొద్దున ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు. మెకానిక్ ఫ్రిజ్ తలుపు ఊడదీసి పక్కన పెట్టాడో లేదో, గోడ అవతలి నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. మందుల షాపు అమ్మాయే.

"ఈసారి చెయ్యి రాకపోతే మాత్రం నేను ఊరుకోను డాక్టరు గారూ. తెరముందు బైఠాయిస్తా."

"వస్తుందమ్మా, ఎందుకు రాదు! తలా ఒక చెయ్యి ఇవ్వు. ఆ సీను రాగానే అందరం ఒక్కసారే లేపాలి."

"డైరెక్టరు కూడా వస్తాడంటారా?"

"వస్తే వదులుతామా! ఇన్నేళ్ళుగా ఎక్కడ దాక్కున్నాడో. దొరికితే మోసుకుపోవడమే."

మెకానిక్ స్క్రూడ్రైవరు పట్టుకునే గోడకి చెవి ఆనించాడు. అది చాలక తలుపు సందులోంచి చూశాడు. పళ్ళు పీకే కుర్చీ నిండా అట్టతో కత్తిరించిన చేతులు! ఒక్కోదానికి ఒక్కో కర్ర! తలా ఒక కర్ర పంచుతున్నారు. అందరూ ఒక్కసారే లేపుతారట. తరవాత తనని మోసుకుపోతారట. మనిషిని నలుగురు మోసుకుపోవడమంటే ఏమిటో ఆయనకి తెలియంది కాదు.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా, ఫ్రిజ్ అక్కడుంటే నువ్విక్కడ గోడకి చెవి పెట్టావేంటి?" అన్నారు డాక్టరు గారు.

"గ్యాసు... గోడలోంచి గ్యాసు చప్పుడేమోనని..."

"గోడలో గ్యాసేంటయ్యా?" డాక్టరు గారు కళ్ళు చిన్నవి చేసుకుని ఎగాదిగా చూశారు. "నిన్నెవరు పంపించారు?"

"మీరే పిలిచారు కదండీ!"

"అది ఫ్రిజ్ కోసం. వినడానికి ఎవరు పంపించారని అడుగుతున్నా."

మెకానిక్ పెట్టె చంకలో పెట్టుకుని ఒక్క పరుగు తీశాడు. ఫ్రిజ్ తలుపు గోడకి జారగిలబడి అక్కడే ఉండిపోయింది.

దారిపొడవునా ఆయన బుర్ర గిర్రున తిరిగింది. ఎవరికి లాభం ఇందులో? తన సినిమాని జనం గోల చేసి ఆపేస్తే లాభం ఎవరికి? ఇంటికి చేరి గుమ్మంలో నిలబడేసరికి ఆ జవాబు వరండాలో కూర్చుని కుడుతూ కనిపించింది. సినిమా పోతే నౌక పోతుంది. నౌక పోతే గది వస్తుంది. తొందరగా వచ్చిన ఆ ‘సరే’, ఎత్తిన ఆ చెయ్యి, నేను వెనక వస్తానన్న ఆ మాట, అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కట్టుకున్న భార్యే! ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంటండీ అలా ఉన్నారు? ఫ్రిజ్ అయిందా?"

"అన్నీ అయ్యాయి" అన్నాడు మెకానిక్, నాటకాల్లో మోసపోయిన రాజు గొంతుతో. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సినిమా ఉన్న పెన్‌డ్రైవ్ లోపలి జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి తియ్యకుండా థియేటరుకు నడిచాడు.

థియేటరు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. అందరి వేళ్ళకీ వెండికాగితాలు, అందరి దగ్గరా అట్ట చేతులు. వాళ్ళ మధ్యలో బావమరిదిని భుజాలకెత్తుకున్నారు. అతను మొదటి భాగంలోని హెల్మెట్ తగిలించుకున్నాడు. అది ఒకప్పటి చేపల గాజుతొట్టి, లోపల తల పెడితే పిడుగు పడ్డా వినిపించదు. మెకానిక్ రెండు చేతులూ ఊపి "ఒరేయ్, దిగరా! కొడతారు!" అని అరిచాడు. బావ సంతోషంతో చేతులూపుతున్నాడనుకుని అతనూ రెండు చేతులూ ఊపాడు. జనం అతన్ని మోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

మెకానిక్ పక్క తలుపులోంచి దూరబోయాడు. భుజం మీద ఒక చెయ్యి పడింది. వెనక్కి తిరిగితే పళ్ళ డాక్టరు గారు, ఆయన వెనక మందుల షాపు అమ్మాయి, ఆమె వెనక థియేటరు మేనేజరు.

"వీడే! పొద్దున మా గోడకి చెవి పెట్టి విన్నది వీడే. ఫ్రిజ్ తలుపు పీకేసి పారిపోయాడు. నాకు గట్టి అనుమానం, చెయ్యి ఉన్న సీను కత్తిరించడానికి ఎవరో పంపించిన మనిషి" అన్నారు డాక్టరు గారు.

"నేను డైరెక్టర్ని!" అన్నాడు మెకానిక్. ప్రాణం మీదికొచ్చినా అబద్ధం ఆడలేకపోయాడు పాపం.

ముగ్గురూ పకపకా నవ్వారు. "పొద్దుట్నుంచీ ఇలా అన్నవాళ్ళలో నువ్వు అయిదోవాడివి" అన్నాడు మేనేజరు. "నాతో ఫోన్లో మాట్లాడింది హీరో గారు. నాకు వేరే డైరెక్టరెవరూ తెలియదు."

"ఉండండి, పరీక్ష పెడదాం" అంది ఆ అమ్మాయి. "మొదటి భాగం చూసినవాళ్ళకి ఇవి నిద్రలో కూడా తెలుస్తాయి. చెప్పండి బాబాయ్ గారూ, ఆ సినిమా దర్శకుడి పేరేంటి?"

మెకానిక్ ఛాతీ విరుచుకుని తన పేరు చెప్పాడు.

"తప్పు! ఎవరికీ తెలీదు అన్నదే సరైన జవాబు. తెల్ల మబ్బు మీద తెల్ల అక్షరాలు వేశారు. ఇంతవరకూ ఎవ్వరూ చదవలేదు."

ఆ మబ్బుని దూదితో చేసింది మెకానిక్కే.

"సరే, రెండోది. మూడో చంద్రుడు ఎక్కడున్నాడు?"

"కుడిపక్క, పైన! నౌక వెనక!" ఇది మాత్రం తప్పదనుకున్నాడు.

"తప్పు. వాడు మొదటి సీన్లోనే ఊడి హీరో వీపు వెనక పడ్డాడు. ఆ తర్వాత సినిమా అంతా చంద్రులు ఇద్దరే. చివరిది. హీరో ‘ఓ విశ్వమా’ అని పెద్ద డైలాగు చెప్పేటప్పుడు ఏం కనబడుతుంది?"

"హీరో మొహంలో ఆవేదన" అన్నాడు మెకానిక్ గద్గదంగా. ఆ డైలాగు ఆయన ప్రాణం పెట్టి రాసుకున్నాడు. తీసేటప్పుడు కెమెరాని స్టూలు మీద పెట్టి, తను స్టూలు కింద కూర్చుని రేకు ఊపుతూ ఉరుములు పుట్టించాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా, అక్కడికి రాగానే తన్మయత్వంతో కళ్ళు మూసుకున్నాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "చెయ్యి కూడా తెలీదు" అన్నారు డాక్టరు గారు, జాలిగా. "నడువు బయటికి."

అలా తన సినిమా పరీక్షలోనే తప్పి, తన సినిమా ఆటలోంచే మెకానిక్ గెంటించుకున్నాడు. మెట్ల మీద కూలబడ్డాడు. లోపల్నుంచి జనం గోల వినబడుతోంది. జేబులో పెన్‌డ్రైవ్ గట్టిగా తగిలింది. అది లేకుండా వాళ్ళు చూసేదేముంది? కొంతసేపటికి మేనేజరు లోపల "సినిమా ఇంకా చేరలేదండీ" అనడం, "చెయ్యి కత్తిరిస్తున్నారు! కుట్ర!" అని జనం కేకలు పెట్టడం వినిపించాయి. మెకానిక్ లేచాడు. ఇంటికెళ్ళి నౌక విప్పేద్దామని నిర్ణయించుకున్నాడు.

ఎదురుగా భార్య వస్తోంది. కొత్త చీరలో, చేతిలో మందుల షాపు అమ్మాయి పాంటు పెట్టిన కవరుతో, హడావుడిగా. హడావుడిలో వేలి తొడుగు తియ్యడం కూడా మర్చిపోయింది.

"ఏవండీ, బయట ఉన్నారేంటి? మొదలవలేదా?"

"నీ కోరిక తీరింది" అన్నాడు మెకానిక్. "నన్ను గెంటేశారు. గది కావాలంటే నన్నడగాల్సింది. ఊరందరినీ ఎగేసి, కర్రలు పంచి, నామీదికి తోలాలా?"

ఆవిడ తెల్లబోయింది. "కర్రలేంటి? ఎవరు తోలారు?"

"ఏదో చెయ్యి అంటున్నారు. చెయ్యి వస్తుందా, చెయ్యి కత్తిరించారా అని ఒకటే గోల. ‘ఓ విశ్వమా’ దగ్గర చెయ్యి ఉందట. నా సినిమాలో నాకు తెలియని చెయ్యి!"

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"అది... నాదేనండీ" అంది మెల్లగా.

"ఏది?"

"ఆ చెయ్యి. ఆ రోజు మీరు రేకు ఊపుతుంటే నౌక తమ్ముడి మీదికి ఒరిగిపోతోంది. నేను పక్కన బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నా. పడిపోతుందేమోనని వేలికి తొడుగుతోనే పరిగెత్తుకొచ్చి పట్టుకున్నా. డైలాగు అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డా. మీరేమో అంత బాగా ఉరుముతున్నారు, మధ్యలో ఆపమంటే బాధపడతారని..."

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఆ డైలాగు దగ్గర కళ్ళు మూసుకుని చూసేవారు. అంత ఆనందంగా ఉన్న మనిషికి ఏం చెప్పమంటారు?"

మెకానిక్‌కి నమ్మాలో వద్దో తెలియలేదు. "రుజువేంటి?" అన్నాడు. పొద్దుట్నుంచీ అందరినీ అనుమానించి అలవాటైపోయింది మరి.

ఆవిడకి ఒళ్ళు మండింది. "ఇదిగో రుజువు! ఆ కంగారులోనే వేడి ఇస్త్రీపెట్టె తగిలి కాలింది. చూసుకోండి!" అని చెయ్యి ఎత్తి ఆయన మొహం ముందు పెట్టింది. బొటనవేలి కింద నెలవంకలాంటి మచ్చ.

అప్పుడే మందుల షాపు అమ్మాయి ‘పోయాడా లేదా’ అని చూడటానికి తలుపులోంచి తొంగి చూసింది. ఆకాశంలోకి లేచిన చెయ్యి కనిపించింది. ఇత్తడి వేలు కనిపించింది. నెలవంక మచ్చ కనిపించింది. ఆ అమ్మాయి పెట్టిన కేకకి గేటు దగ్గర పావురాలన్నీ ఎగిరిపోయాయి.

"మూడో చంద్రుడు! డాక్టరు గారూ, మూడో చంద్రుడు దొరికాడు! చెయ్యి వచ్చింది! మన చెయ్యే వచ్చింది!"

థియేటరు మొత్తం మెట్ల మీదికి ఒలికిపోయింది. సినిమాలో కనబడని మూడో చంద్రుడు ఆ చేతి మీది మచ్చేనని వాళ్ళంతా ఎప్పుడో తేల్చేసుకున్నారు. దాని మీద గంటల తరబడి వాదించుకున్నారు. వాళ్ళు వెండికాగితం చుట్టి అనుకరించే ఇత్తడి వేలున్న ఆ చెయ్యే విశ్వాన్ని నిలబెట్టే శక్తి అని కొందరు, కాదు, నౌకకి తాతలనాటి కాపలాదారు అని కొందరు. తప్పుల్ని వెక్కిరిస్తూ చూడటం మొదలుపెట్టి, చూసీ చూసీ ఆ సినిమాని సొంతమనిషిలా ప్రేమించడం మొదలుపెట్టారు. పళ్ళ డాక్టరు గారు అందరి ముందూ ఆ చేతికి రెండు చేతులా నమస్కారం పెట్టారు. మెకానిక్ భార్య సిగ్గుతో కవరు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"మరి ఈయన?" అన్నాడు మేనేజరు మెకానిక్ని చూపించి.

"మా ఆయన" అంది ఆవిడ. "నిజంగానే డైరెక్టరు."

‘డైరెక్టరు’ అన్న మాట ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. ‘మా ఆయన’ అన్నది మాత్రం వినబడింది. దాంతో చెయ్యిగారి భర్త హోదాలో మెకానిక్ తన సినిమాకి సగౌరవంగా ప్రవేశించాడు. ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చేసరికి "అబ్బో, చెయ్యిగారే తెచ్చారు!" అని మేనేజరు కళ్ళకద్దుకున్నాడు.

దీపాలు ఆరాయి. రెండో భాగం మొదలైంది.

మొదటి పావుగంట ఎవ్వరూ నవ్వలేదు. మెకానిక్ ప్రాణం లేచొచ్చింది. అరగంట గడిచినా నవ్వలేదు. నల్ల ఆకాశం మీద తెల్లగా ఆయన పేరు ఎంత స్పష్టంగా పడిందో, అంత స్పష్టంగా జనం దాన్ని పట్టించుకోలేదు. నౌక బండరాయిలా కదలకుండా నిలబడింది. చంద్రులు ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ అతుక్కుని ఉన్నారు. గ్రహాంతరవాసి, హీరో వేరువేరు మనుషుల్లాగే కొట్టుకున్నారు. వెనక వరసల్లో ఎవరో ఆవులించారు. అట్ట చేతులు ఒళ్ళో పడుకున్నాయి.

"ఇది ఆ డైరెక్టరు తీసింది కాదు" అని డాక్టరు గారు చీకట్లో గొణగడం మెకానిక్ చెవిన పడింది. "నాకు అనుమానమే. ఎవరో పని తెలిసినవాడు తీశాడు."

జీవితంలో మొదటిసారి తనని పని తెలిసినవాడన్నారు. మెకానిక్‌కి అంతకంటే పెద్ద దెబ్బ ఎప్పుడూ తగల్లేదు. ‘ఓ విశ్వమా’కి చెల్లెలిలాంటి డైలాగు ఒకటి ఈ భాగంలోనూ ఉంది. అది దగ్గరపడుతోంది. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. ఒకరిద్దరు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. అయిపోయింది. నౌక విప్పాల్సిందే. ఆయన తల కిందికి వాలిపోయింది.

పక్క సీట్లో ఆవిడ అదంతా చూస్తూనే ఉంది. ఇంకొక్క పది నిమిషాలు ఊరుకుంటే చాలు, గది ఆవిడది. వెలుతురొచ్చే కిటికీ, నీడ, ఫ్యాను, అన్నీ. మొగుడు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "ఛీ, ఏం మనిషో" అనుకుంటూ ఆవిడ లేచింది.

తిన్నగా వెనక ప్రొజెక్టరు ఉన్న చోటికి నడిచి, దాని వెలుగులోకి చెయ్యి చాచింది. తెర మీద కొండంత చెయ్యి నీడ పడింది. అది వచ్చి, అస్సలు పడిపోని నౌకని జాగ్రత్తగా పట్టుకుంది.

థియేటరు కప్పు ఎగిరిపోయేంత అరుపు. అట్ట చేతులన్నీ ఒక్కసారే లేచాయి. చెప్పులు వెతుక్కుంటున్నవాళ్ళు చెప్పులు వదిలేశారు. ఆవిడకి కూడా హుషారు వచ్చింది. హీరో జుట్టు సర్దింది. గ్రహాంతరవాసి చెవి మెలిపెట్టింది. చంద్రుణ్ణి ఒకణ్ణి గిల్లింది. గాజుతొట్టి తలకి తగిలించుకునే కూర్చున్న బావమరిది, ఏమైందో వినబడకపోయినా, అందరికంటే ఎక్కువ చప్పట్లు కొట్టాడు. మెకానిక్ అయితే నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. ఇస్త్రీ చొక్కాతోనే ముక్కు తుడుచుకున్నాడు.

ఆట అయ్యాక పళ్ళ డాక్టరు గారు ఆయన్ని వాటేసుకున్నారు. "క్షమించవయ్యా, నువ్వే డైరెక్టరువని ఇప్పుడు ఒప్పుకుంటున్నా. సినిమా అంతా కావాలనే చప్పగా తీసి, చెయ్యిని తెర బయట పెట్టావు చూడు! ఆ ఆలోచన మామూలువాడికి రాదు."

"ముందే అనుకున్నాం" అన్నాడు మెకానిక్. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆడలేని అబద్ధం, పొగడ్త వచ్చేసరికి చటుక్కున వచ్చేసింది.

మూడో భాగం ఎప్పుడని జనం ఆయన్ని అక్కడికక్కడే నిలదీశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకుని, ఎప్పుడూ లేనంత వినయంగా అడిగాడు.

"మరి... నీ చెయ్యి ఈసారి పెద్ద పాత్ర. మొదటి సీను నుంచీ ఉండాలి. ఎప్పుడు వీలవుతుంది?"

ఆవిడ మజ్జిగ పోసుకుంటూ తీరిగ్గా ఆలోచించింది.

"వరండాలో కూర్చుని కుట్టీ కుట్టీ నడుం పట్టేసిందండీ. నడుం పట్టేసిన మనిషికి చెయ్యి లేస్తుందా?"

మెకానిక్ ఆవిడ మొహంలోకి అనుమానంగా చూశాడు. తర్వాత ముందు గదిలో నౌకని చూశాడు. తర్వాత లేచి, స్క్రూడ్రైవరు కోసం పెట్టె వెతుక్కున్నాడు.

మూడో భాగం షూటింగు వరండాలో జరుగుతోంది, జల్లొచ్చిన రోజున మాత్రం ఆపేస్తున్నారు.